పాటల్లేని సంఘం

నెల్లూరు బస్టాండులో సంగం బస్సుకు బోర్డు రాసిన మనిషెవరో నాకు తెలియదు. తెలిస్తే ఇంటికి పోయి మాట్లాడి వచ్చేవాణ్ణి. సంగం అంటే పెన్న మీద ఆనకట్ట ఉన్న ఊరు. అందులో ఉన్నది మామూలు ‘గ’. గంప, గరిటె, గాడిదల్లో ఉండే ‘గ’. ఈయన మాత్రం ఎర్రరంగుతో ‘నెల్లూరు – బుచ్చి – సంఘం’ అని రాశాడు. అక్షరానికి బరువు, రంగు దండగ, చదివేవాడికి తలనొప్పి. ఉండబట్టలేక కండక్టరుతో చెప్పాను.

“ఏ గ అయితే ఏంది సార్? ఎక్కితే సంగంలోనే దింపుతాం గదా,” అన్నాడు.

అతని మాటలో న్యాయం ఉంది. బస్సుల సంగతి అంతే. మాటల సంగతి అట్లా కాదు. ఒకే బోర్డు తగిలించుకుని రెండు ఊళ్ళకు పోయే మాటలు కొన్ని ఉన్నాయి. అలాంటి మాట ఒకటి ఎక్కి, తాననుకోని చోట దిగిన మనిషి నాకు తెలుసు. ఆయన పోయి రెండు వానాకాలాలు గడిచాయి. బోర్డు చూసినప్పుడల్లా గుర్తొస్తాడు. బోర్డు మార్చమనడానికి ఇది కూడా ఒక కారణం.

పేరు రాయను. రాసినా ఆ ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ ఆయన గాలిమోటారాయన. బోగోలుకు తూర్పున, కాలవ దాటితే సముద్రం వినపడే ఊరు వాళ్ళది. నయాపైసలు కొత్తగా వచ్చి జనాన్ని తికమక పెడుతున్న రోజుల్లో నేను ఆ పక్క హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వాళ్ళమ్మ ఉన్న ఇంట్లోనే వీధి వైపు గది అద్దెకు తీసుకున్నాను. ఆయన మద్రాసులో ఉండేవాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, పది రోజులో పదిహేను రోజులో వసారాలో పడక్కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ ఉండేవాడు. సెలవులో కూడా అటే చూస్తారేమని ఒకసారి అడిగాను.

“కింద చూడ్డానికి మీరందరూ ఉండారు గదా,” అన్నాడు.

మా వైపు ఎద్దులబండిని తోలతారు, బస్సును తోలతారు. కాబట్టి విమానాన్ని కూడా తోలతారు. “మా అబ్బయ గాలిమోటారు తోలతాడు,” అని వాళ్ళమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. చదువుకున్న నాలాంటి వాళ్ళకు అది కొంచెం చిన్నతనంగా ఉండేది. ఆయనకు ఉండేది కాదు. “తోలడమే. ఎద్దులు కనపడవు, అంతే,” అనేవాడు.

ఆయన దేన్నీ చూడకుండా ఎక్కేవాడు కాదు. సైకిలెక్కాలంటే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం. టైర్లు నొక్కాలి, బ్రేకు పట్టి చూడాలి, బెల్లు కొట్టాలి. అప్పుడు ఒక్క క్షణం ఆకాశం వంక చూసి పెడలు మీద కాలు పెట్టేవాడు. పోయేది వీధి చివర చుట్టల అంగడికి. ఒకసారి బిట్రగుంట స్టేషనుకు పోవడానికి బండి మాట్లాడుకున్నాం. ఈయన బండి చుట్టూ తిరిగి, వంగి, రెండు చక్రాల చీలలూ వేలితో కదిలించి చూశాడు. తర్వాత ఎద్దుల ముందుకు పోయి నిలబడ్డాడు. బండివాడికి రోషం వచ్చింది.

“ఏం సామీ, ఎద్దుల్ని కొనేటట్టుండావే?”

“కొనేటట్టయితే చూడకుండా కొంటాను. ఎక్కేదానికే చూస్తుండా.”

ఎవరైనా రేపు భోజనానికి రమ్మంటే వస్తానని గాని రానని గాని చెప్పేవాడు కాదు. “గాలిని బట్టి,” అనేవాడు. పిలిచినవాళ్ళు దాన్ని గర్వం కింద జమ కట్టేవాళ్ళు. నిజానికి ఆయన మాటివ్వడానికి భయపడేవాడు. ఇస్తే తీర్చాలి గనక. తీర్చలేని మాట ఆయన ఇవ్వగా నేను చూడలేదు. అసలు మాటివ్వడమే ఒక్కసారి చూశాను. ఆ ఒక్కసారి గురించే ఇదంతా.

ఇంకో సంగతి. ఆయన దేంట్లోనూ చేరేవాడు కాదు. చిన్నప్పుడు కబడ్డీలో చేరలేదట, చర్చిలో పాటల గుంపులో చేరలేదట. ఊళ్ళో యువకులు వాలీబాల్ క్లబ్బు పెట్టి గౌరవాధ్యక్షుడుగా ఉండమంటే, వల కొనుక్కోండని డబ్బిచ్చి, పేరు మాత్రం రాయొద్దన్నాడు. మద్రాసులో పైలట్లకు యూనియన్ ఉందనీ, ఆయన అందులో లేడనీ నాకు ఆయన చెబితేనే తెలిసింది.

“ఎందుకు చేరలేదు?” అన్నాను.

“జీతం చాలు. కలెక్టరుకన్నా ఎక్కువ తీసుకుంటా ఇంకా కావాలని అరిస్తే చూసేవాళ్ళకేం బాగుంటది? అదీగాక అయ్యోరా, విమానంలో కెప్టెన్ ఒకడే ఉండాల. యూనియన్ వచ్చి కూచుంటే ఇద్దరు. బండికి ఇద్దరు తోలేవాళ్ళుంటే ఎద్దులకే తెలీదు యాడికి పోవాల్నో.”

నాకు ఆ వాదం నచ్చింది. నేను టీచర్ల సంఘంలో చందా ఎగ్గొట్టే రోజులవి.

ఇక వాళ్ళమ్మ. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇంటి ఎదురుగానే చర్చి. ఆ చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. పాస్టరుగారు పాట నంబరు చెబుతారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆవిడ గొంతు ఎక్కణ్ణుంచో లేస్తుంది, పైకప్పు రేకుకు తగులుతుంది, ఆ తర్వాతే మిగతా సంఘం, అంటే చర్చికొచ్చిన జనమంతా, నోరు విప్పుతుంది. ఇరవై ఏళ్ళుగా అంతే. ఎత్తే హక్కు మీద కన్నేసిన ఇంకొకామె ఉంది, దర్జీ భార్య. మంచి గొంతు. నిజం చెప్పాలంటే ఇంకా మంచి గొంతు. ఇద్దరికీ మాటల్లేవు. పాటల్లో మాత్రం కలిసేవాళ్ళు.

ఆ ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం బిట్రగుంట బండి దిగి ఒక మనిషి వచ్చాడు. నుదుట విభూతి, చేతిలో తోలుసంచి, చొక్కాకు చెమట. మద్రాసాయన, మా కెప్టెన్‌తో పనిచేసే పైలటు. కెప్టెన్ కాలవ వైపు పోయి ఉన్నాడు. నేను వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మంచినీళ్ళు తాగి, వచ్చిన పని ఇంగ్లీషులో చెప్పాడు. దాచలేదు.

ఒకరోజు ఆయన నడపాల్సిన విమానంలో ఒక ఇంజను పరీక్ష చేస్తుంటే వణికింది. మెకానిక్కులు చూసి బాగానే ఉందన్నారు. ఈయనకు నమ్మకం కుదరక తోలనని దిగేశాడు. కంపెనీ వాళ్ళు సస్పెండు చేశారు. వచ్చే వారం విచారణ. విచారణలో అందరికన్నా అనుభవమున్న కెప్టెన్‌ను పిలిచి, ఆ ఇంజనుతో పోవచ్చునా, పోకూడదా అని అడుగుతారు. ఆ కెప్టెన్ మావాడే. పోవచ్చునని మావాడన్నాడంటే ఈయన ఉద్యోగం ఊడుతుంది. పైలట్లకు పరీక్షలు పెట్టే పెద్ద పోస్టు ఒకటి ఖాళీగా ఉందట. దానికి మావాడి పేరు అనుకుంటున్నారట. యూనియన్‌లో లేని మనిషి గనక అనుకోవడం సులభం.

“ఆయన మాలో చేరితే మా మాట చెబుతాడు. చేరకపోతే తన మాట చెబుతాడు. ఆయన మాట నాకు తెలుసు. అందుకే వాళ్ళమ్మగారితో చెప్పించాలని వచ్చాను,” అన్నాడు. తర్వాత, “నాకు తెలుగు కొంచెం వచ్చు. తెలుగులో యూనియన్‌ను ఏమంటారు? పెద్దావిడతో ఆవిడ భాషలో మాట్లాడటం మర్యాద,” అన్నాడు.

యూనియన్‌ను యూనియన్ అనే అంటారని చెబితే సరిపోయేది. బిట్రగుంట రైలింజను డ్రైవర్లకు యూనియన్ ఉంది, జెండా ఉంది. వాళ్ళు ఊరేగింపుగా పోతుంటే ఈవిడ మజ్జిగ ఇచ్చి పంపిన రోజులున్నాయి. కాని నేను బి.ఏ. చదివినవాణ్ణి. తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు మాట వాడితే నాకు ఒంటికి పడదు.

“సంఘం,” అన్నాను.

“సంగం,” అన్నాడు.

“కాదు. సంగమంటే ఊరు. ఒత్తు పలకాలి. సం-ఘం.”

పాపం, అరవంలో ఆ అక్షరం లేదు. నాలుగైదు సార్లు గొంతు సవరించుకుని పట్టుకున్నాడు. ఆయన సంగం అనే అని ఉంటే ఆవిడ ఆనకట్ట గురించి మాట్లాడుతున్నాడనుకునేది. నేను శ్రద్ధ తీసుకున్నాను.

ఆవిడ పెరటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. ఆయన పోయి నమస్కారం పెట్టి అరుగు మీద కూచున్నాడు. నాకు అంతా వినపడుతూనే ఉంది.

“అమ్మా, మీ అబ్బాయి చాలా మంచి మనిషి. కానీ సంఘంలో చేరలేదు.”

చేట ఆగింది.

“చేరకపోవడమేంది నాయనా? పుట్టినప్పటినుంచీ సంఘంలోనే గదా ఉండేది?”

“లేదమ్మా. మద్రాసులో మేమందరం చేరాం. ఈయన ఒక్కడే బయట. పిలిచాం. బతిమాలాం. నాకు సంఘం అక్కర్లేదన్నాడు.”

“అక్కర్లేదన్నాడా?”

“చందా కూడా కట్టడు.”

“చందా కూడానా!” అంది ఆవిడ. చేట కింద పెట్టిన చప్పుడైంది. విభూతి పెట్టుకున్నాయన సంఘంలో ఉండటమేందని ఆవిడకు అనుమానం రాకపోలేదట. మద్రాసు పెద్ద పట్నం, అక్కడ ఎట్లయినా ఉంటారని సర్దుకుందట. కాసేపటికి అడిగింది.

“మీ సంఘంలో పాట ఎవురెత్తుతారు నాయనా?”

“పాటలా? మా సంఘంలో పాటల్లేవమ్మా. నెలకోసారి కూడతాం. మాట్లాడుకుంటాం. కాఫీ తాగుతాం.”

“పాటల్లేవా?”

ఆవిడ బియ్యం డబ్బాలో పోసి మూత పెట్టింది. తర్వాత, “అందుకే పోలేదేమో నా బిడ్డ,” అంది.

ఈ సంభాషణలో నాకు తప్పేమీ కనపడలేదు. నేను ఉచ్చారణ గమనిస్తున్నాను. ఒత్తు చక్కగా పడుతోంది. నేను తలెత్తేసరికి ఆవిడ చెప్పులేసుకుని పాస్టరుగారింటికి పోతోంది.

కెప్టెన్ వచ్చాక ఇద్దరు పైలట్లూ పోట్లాడుకున్నారు. పోట్లాట ఇంగ్లీషులో జరిగింది. తెలుగులో రాస్తున్నాను గనక మర్యాద కొంత తగ్గి ఉంటే నా తప్పు కాదు.

“నేనైతే తోలుకుపోయేవాణ్ణి.”

“తెలుసు. అందుకే వచ్చాను.”

“ఆ ఇంజను సంగతి నాకు తెలుసు. కొంచెం వణుకుతుంది. పైకి పోతే సర్దుకుంటుంది.”

“నాకు తెలియదు గదా.”

“తెలియకపోతే నేర్చుకోవాలి.”

“వెనక జనాన్ని కూచోబెట్టుకుని నేర్చుకోమంటావా? నువ్వు పోగలవు. నీకన్నా చిన్నవాళ్ళు ముప్పైమంది ఉన్నారు. నువ్వు పోవచ్చన్నావంటే రేపట్నుంచి వాళ్ళందర్నీ పొమ్మంటారు. ఒకడు వద్దంటే పిరికితనం. అందరం వద్దంటే వాతావరణం.”

“నన్ను అడిగితే నిజం చెబుతాను. దానికి యూనియన్‌తో పనిలేదు.”

మాట తెగలేదు. మర్నాడు సాయంత్రం గాలి తగిలితే తెగుతుందేమోనని ఇద్దర్నీ సముద్రానికి తీసుకుపోయాను. కాలవ దాటే పడవలో ఎక్కేముందు కెప్టెన్ యథాప్రకారం అంచులు తట్టి చూశాడు. మద్రాసాయన కూడా తట్టాడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ అభిప్రాయభేదం లేదు.

ఆ రోజు చేపలు పట్టేవాళ్ళుండే పట్టపుపాళెంలో దురాయి వేశారు. అంటే పాళేనికి పెద్ద అయిన పెద్దకాపు, ఎవరూ సముద్రంలోకి పోకూడదని చాటించాడు. దాటితే తప్పు కింద డబ్బు కట్టాలి. తెప్పలన్నీ ఇసుకలో ఉన్నాయి. ఒకతను వల బాగుచేసుకుంటూ సముద్రాన్ని, పెద్దకాపును మార్చి మార్చి తిడుతున్నాడు.

“ఇదొక సముద్రమా సామీ? ఇంతకన్నా మా ఇంట్లో గంజి ఎక్కువ పొంగతది.”

“మరి పోలేదే?” అన్నాడు కెప్టెన్.

“పెద్దకాపు ముసలోడి అల్లుడికి తెప్ప నిలబెట్టడం రాదు. నేను పోతే వాడూ పోతాడు, పెళ్ళాం ముందర తల కొట్టేసినట్టుంటదని. పోతే రాడు. కూతురి తాళికోసరం ముసలోడు పాళెమంతా కూచోబెట్టినాడు.”

“అన్యాయం గదా?”

“అన్యాయమే.”

“దాటి పోరాదూ?”

అతను కెప్టెన్ వంక ఎగాదిగా చూశాడు. “పోతే? తిరిగొచ్చినాక తెప్ప ఒడ్డుకు లాగాలంటే వాడే గదా సామీ చెయ్యెయ్యాల్సింది?” అని మళ్ళీ పెద్దకాపును తిట్టడంలో పడ్డాడు.

“చూసినావా అయ్యోరా? చేతగానోడికోసం చేతనైనోడు ఎండలో కూచున్నాడు,” అన్నాడు కెప్టెన్ నాతో. ఆ యాస మద్రాసాయనకు అందదని దాన్ని నేను ఇంగ్లీషులో చెప్పాను.

“సరిగ్గా అదే నేనూ చెబుతున్నది,” అన్నాడు మద్రాసాయన.

ఇద్దరూ గెలిచిన ముఖాలతో ఇంటికొచ్చారు. ఒకే సాక్షి రెండు పక్షాలకూ అంత తృప్తిగా సాక్ష్యం చెప్పడం నేను మళ్ళీ చూడలేదు.

ఆదివారం చర్చికి అందరం పోయాం. నేను మామూలుగా పోను. ఆ రోజు ఆవిడ పిలిచింది. మద్రాసాయన్ను కూడా పిలిచింది. ఆయన స్నానం చేసి, కొత్తగా విభూతి పెట్టుకుని వచ్చి, మగవాళ్ళ వైపు చాప మీద నా పక్కన కూచున్నాడు. కెప్టెన్ ఎప్పటిలాగే వెనక గోడకు ఆనుకున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. మెత్తని మనిషి. గొర్రె అనే మాట అనకుండా తప్పిపోయిన గొర్రె గురించే మాట్లాడారు. “మన సంఘంలో పుట్టి, మన పాటలు విని పెరిగిన సహోదరుడొకడు పట్నం పోయి, సంఘం నాకక్కర్లేదన్నాడని విన్నాము…”

ఎవరా అని కెప్టెన్ కూడా అటూ ఇటూ చూశాడు.

“…చందా కూడా చెల్లించడం లేదని విన్నాము. దేవుడు అతన్ని ఆకాశంలో అంత ఎత్తుకు తీసుకుపోయినాడు…”

ఆకాశంలో పోయేవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. అందరూ వెనక్కి తిరిగారు. మద్రాసాయన నా చెవిలో, “ఈ ఊళ్ళో యూనియన్ అంటే ఇంత అభిమానమా?” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“బిట్రగుంట దగ్గర గదా,” అన్నాను.

కెప్టెన్ నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు. ఎక్కడ చీల ఊడిందో ఆయనకు తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు.

“పాస్టరుగారూ, ఇక్కడొక పొరపాటు జరిగింది. నేను మద్రాసులో ప్రతి ఆదివారం చర్చికి పోతానే ఉండా. వీళ్ళు చెప్పేది వేరే సంఘం…”

“వేరే సంఘమా?” అంది వాళ్ళమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి. “ఇంకెవుర్లో కలిసినావురా?”

“కలవలేదమ్మా. అది పైలట్ల సంఘం.”

“పైలట్లయితే ఏం? వాళ్ళకి ఆత్మల్లేవా?”

జనం గుసగుసలాడారు. పాస్టరుగారు సర్దుబాటు చెయ్యడానికి పాట నంబరు చెప్పారు. నిశ్శబ్దం. ఆవిడ గొంతు లేవలేదు. పాస్టరుగారు దగ్గి మళ్ళీ నంబరు చెప్పారు.

“వాడు చేరతానంటేనే ఎత్తుతా,” అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు.

ఆ ఊళ్ళో నేను చూసిన మొదటి సమ్మె అది. పాస్టరుగారు కాసేపు పాటల పుస్తకం తిరగేశారు. తర్వాత దర్జీ భార్య వైపు చూసి, “అమ్మా, నువ్వన్నా ఎత్తు,” అన్నారు.

ఇరవై ఏళ్ళుగా ఆ మాట కోసం కాచుకున్న మనిషి. మంచి గొంతని ముందే చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆమె ఎత్తనన్నాక నేనెట్ట ఎత్తేది?” అంది.

పాస్టరుగారు పాటల పుస్తకం పక్కన పెట్టారు. రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినపడుతోంది. కెప్టెన్ వాళ్ళమ్మ వంక చూడటం లేదు. దర్జీ భార్య వంక చూస్తున్నాడు. విమానం చుట్టూ తిరిగేటప్పుడు కూడా అట్లాగే చూసేవాడేమో. చాలాసేపు చూశాడు.

“చేరతానమ్మా,” అన్నాడు.

“ఆమెన్!” అన్నాడు మద్రాసాయన. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా.

ఆవిడ పాట ఎత్తింది. రేకులు అదిరాయి. ఆ రోజు రెండో గొంతు కూడా ఎప్పటికన్నా పైకి లేచిందని నాకు అనిపించింది.

ఇంటికొచ్చాక ఆయన వాళ్ళమ్మకు అసలు సంగతి విడమరచి చెప్పాడు. ఆవిడ విన్నది. “సంఘమంటే సంఘమే. మాటిచ్చినావు,” అంది. నన్ను పిలిచి నిఘంటువు ప్రకారం తేడా చెప్పమన్నాడు. నిఘంటువులో తేడా లేదని చెప్పాల్సి వచ్చింది.

విచారణలో ఏం జరిగిందో మద్రాసాయన తర్వాత చెప్పాడు. ఆ ఇంజనుతో మీరు పోయేవాళ్ళా అని అడిగారట. “పోయేవాణ్ణి,” అన్నాడట మావాడు. అడిగినవాళ్ళ ముఖాలు వికసించాయట. “కానీ ఆ సీట్లో ఉన్నది నేను కాదు. ఆయన ఎత్తనన్నాక నేనెట్టా ఎత్తేది?” అన్నాడట. ఇంగ్లీషులో అనేసరికి అది వాళ్ళకు అర్థం కాలేదట. ఎన్నిసార్లడిగినా అదే వాక్యం చెప్పాడట. మద్రాసాయన ఉద్యోగం నిలబడింది. పెద్ద పోస్టు ఇంకొకాయనకు పోయింది. యూనియన్ వాళ్ళు మావాడి చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని కాఫీ ఇచ్చారు.

ఆ తర్వాత వాళ్ళు పడ్డ అవస్థ నాకు తెలుసు. ఆయన సంఘంలో ఉన్నాడు గాని ఏ తీర్మానానికీ ఒప్పుకునేవాడు కాదు. ప్రతి మీటింగులోనూ లేచి వ్యతిరేకంగా మాట్లాడి, వ్యతిరేకంగా చెయ్యెత్తి, తర్వాత అందరూ చేసిందే అందరికన్నా శ్రద్ధగా చేసేవాడు. కొన్నేళ్ళకు జీతాలు పెంచాలని సమ్మె వచ్చింది. వద్దని చెయ్యెత్తింది ఈయనొక్కడే. సమ్మె మొదలైన రోజునే పెట్టె సర్దుకుని ఊరికొచ్చి, వసారాలో పడక్కుర్చీ వేసుకున్నాడు.

ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. చుట్టల అంగడివాడు, “ఆయనకే చాలకపోతే మనమేం కావాలబ్బా,” అన్నాడు, ఆయనకు వినపడేటట్టు. బిట్రగుంటనుంచి ఒక రైలింజను డ్రైవరు పనిగట్టుకుని వచ్చాడు.

“మీక్కూడా కష్టాలుండాయా సార్?”

“మాకేం కష్టాల్లేవు.”

“మరి సమ్మె ఎందుకు చేస్తుండారు?”

“ఓడిపోయినా.”

“యాడ సార్?”

“ఓట్లల్లో.”

డ్రైవరు మజ్జిగ తాగి, ఇంకేమీ అడక్కుండా పోయాడు. సమ్మె సాగేకొద్దీ, కావాలని చెయ్యెత్తినవాళ్ళల్లో కొందరికి పిల్లల ఫీజులు గుర్తొచ్చి మెల్లగా పనిలోకి పోయారు. కంపెనీ మనిషి ఒకాయన మా ఊరికే వచ్చాడు. మీరు మొదటినుంచీ వ్యతిరేకమే గదా, మీరు రావడంలో తప్పులేదు, అన్నాడు. తప్పులేదని ఈయన కూడా ఒప్పుకున్నాడు. పోలేదు. సమ్మె ముగిశాక, అందరికన్నా చివర, సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి స్టేషనుకు పోయాడు.

“మీకు నమ్మకం లేని దానికోసం ఇంత పట్టుదల ఎందుకు?” అని వెళ్ళేముందు అడిగాను.

“నమ్మకముంటే పట్టుదలతో ఏం పని అయ్యోరా?” అన్నాడు.

విమానంలో పోతాడని ఊళ్ళో చాలామంది ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. మద్రాసులో జ్వరం వచ్చి, ఆసుపత్రిలో మంచం మీద పోయాడు. ఊరికి తీసుకొచ్చారు. పైలట్లు చాలామంది వచ్చారు. సమ్మెలో చివరిదాకా ఉన్నవాళ్ళూ వచ్చారు, మధ్యలో పోయినవాళ్ళూ వచ్చారు. తెల్లటి బట్టలు, భుజాల మీద పట్టీలు, చంకలో టోపీలు. మద్రాసాయన ముందు నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. విభూతి అట్లాగే ఉంది. వాళ్ళు తెచ్చిన పూలదండకు సంఘం పేరు రాసిన పట్టీ ఉంది. తెలుగులోనే రాయించారు. ఒత్తు సరిగ్గా ఉంది.

సముద్రం వైపు సర్విచెట్ల తోపు పక్కన గొయ్యి తీశారు. పాస్టరు కొత్తాయన, పడుచువాడు. పాట నంబరు చెప్పాడు.

వాళ్ళమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు. దర్జీ భార్య అప్పటికి మూడేళ్ళ కిందటే పోయింది. మిగతా సంఘం ఆవిడ ఎత్తుతుందని చూస్తోంది. ఆవిడ ఎత్తకుండా ఎత్తడం వాళ్ళకు అలవాటు లేదు.

పైలట్లు బారుగా నిలబడి ఉన్నారు. సముద్రపు గాలికి టోపీలు గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, మద్రాసాయన దగ్గర ఆగింది.

“ఇంతమందుండారే మీ సంఘంలో,” అంది. “ఒక్కడికీ పాట రాదా?”